అడవి మంటలు: శిక్షణపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఫిబ్రవరిలో ఆకు రాలడం మొదలైందంటే మే నెలాఖరు దాకా నల్లమలకీ శేషాచలానికీ కవ్వాలకీ మంటల కాలమే. వేసవిలో మంటల కాపలా కాసే ఫైర్ వాచర్లకు, ఊళ్లలో అడవిని కాచుకునే వన సంరక్షణ సమితులకు, కొత్త బీట్ ఆఫీసర్లకు (బీటు అంటే ఒక్కో ఆఫీసరు చూసుకునే అడవి ముక్క, కొన్ని బీట్లు కలిస్తే రేంజి) ఎలా నేర్పాలన్న విషయం మీద వచ్చిన ఉత్తరాల్లోంచి ఏరినవి ఇవి.

మా బీటుకు ఈ వేసవిలో 12 మంది ఫైర్ వాచర్లు వస్తున్నారు. సగం మంది కొత్తవాళ్లు. రేంజి ఆఫీసులో ప్రొజెక్టర్ పెట్టి ఒక రోజు క్లాసు చెప్పమన్నారు. ఒక్క రోజులో ఏం నేర్పగలం?
— బీట్ ఆఫీసర్, ఆత్మకూరు

ఒక్క రోజులో చాలా నేర్పవచ్చు. కాకపోతే ఆఫీసు గదిలో కాదు. జనవరి మూడో వారం దాటకుండా మీ బీటులోనే ఒక మిట్ట చూసుకోండి. పొద్దున 7 గంటలకల్లా అందరూ అక్కడ ఉండాలి.

మొదటి పాఠం ఎండాకు. 7 గంటలకు నేల మీది టేకాకు ఒకటి ప్రతి ఒక్కరినీ పిడికిట్లో నలపమనండి. మంచు తడికి ఆకు మడత పడుతుంది గానీ విరగదు. అదే చోట మధ్యాహ్నం 1 గంటకు మళ్లీ నలిపించండి. అప్పడంలా పొడైపోతుంది. తెల్లవారుజామున చీపురుతో అణిగే మంట రెండు గంటల వేళ పదిమందికీ ఎందుకు లొంగదో ఆ పిడికిలే చెబుతుంది. గాలిలో తేమ శాతాల పట్టిక ఆ తర్వాత చూపిస్తే బుర్రకెక్కుతుంది.

రెండో పాఠం ఏటవాలు. వాగులోంచి బంకమట్టి తెచ్చి జానెడు పొడవున్న పలకలు రెండు చేయండి. ఒక్కోదానిలో 40 అగ్గిపుల్లలు, తలలు పైకి ఉండేలా, వేలి మందం ఎడంలో వరసలుగా గుచ్చండి. ఒక పలకను చదునుగా ఉంచి, రెండోదాన్ని రాయి ఆనించి నిలబెట్టినంత వాలుగా పెట్టండి. రెండింటికీ కింది వరసే అంటించండి. చదును పలక మీద మంట ఒకటి రెండు వరసల్లో ఆగిపోతుంది, వాలు పలక మీద చూస్తుండగానే కొసకు పాకుతుంది. కింది మంట పైనున్న పుల్లలను ముందే వేడెక్కించి ఆరబెడుతుంది కాబట్టి అలా జరుగుతుంది. వాలు ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా పైకి పాకే మంట వేగం దాదాపు రెట్టింపవుతుందని లెక్క. అంటే 20 డిగ్రీల మిట్ట మీద నాలుగింతలు. ఈ ప్రయోగం ఆకు లేకుండా ఊడ్చిన నేల మీద, పక్కన బిందె నీళ్లు పెట్టుకుని చేయండి.

మూడోది లైను కొట్టడం, అంటే మంటకు అడ్డంగా ఆకు, గడ్డి లేని బాట చేయడం. ఆరుగురికి రేకులు (ఆకు లాగే పళ్ల పనిముట్లు), కొడవళ్లు, పారలు ఇచ్చి, మనిషికీ మనిషికీ 10 అడుగుల ఎడం ఉంచి, 15 నిమిషాల్లో ఎన్ని మీటర్లు నేల తేలేలా శుభ్రం చేస్తారో టేపు పెట్టి కొలవండి. 40 మీటర్లు వచ్చిందనుకుందాం. గంటకు 160 అని సంబరపడొద్దు. ఎండలో, పొగలో ఆ వేగం నిలవదు, 100గా లెక్కేసుకోండి. ఇప్పుడు మంట నిమిషానికి 2 మీటర్లు నడుస్తోంది, మీరు దానికి 60 మీటర్ల ముందు నిలబడి పని మొదలెట్టారు. చేతిలో ఉన్నది అరగంట, తయారయ్యేది 50 మీటర్ల లైను. మంట మొన, అంటే ముందుకు నడిచే అంచు, 200 మీటర్ల వెడల్పు ఉంటే ఆ 50 మీటర్లు ఎందుకూ పనికిరావు. వెనక్కి తగ్గి బండిబాటో వాగో చూసుకోవాలి. ఈ లెక్క వాచర్లే నోటితో చెప్పాలి. చెప్పగలిగిన రోజు వాళ్లు మంటకు ఎదురెళ్లి చిక్కుకోరు.

నాలుగోది తప్పించుకోవడం. దీన్ని ఎవరూ సాధన చేయించరు, మనుషులు పోయేది మాత్రం ఇక్కడే. పని చేస్తున్న చోటు నుంచి క్షేమంగా ఉండే చోటికి, పనిముట్లతో సహా, అందరినీ నడిపించి గడియారం చూడండి. లెక్కలోకి తీసుకోవాల్సింది అందరికన్నా వెనక వచ్చిన మనిషికి పట్టిన సమయం. దారి పైకి ఎక్కేదైతే అది దారి కాదనే అనుకోండి, మంట మనిషికన్నా ముందు ఎక్కుతుంది. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో 20 మందికి పైగా ట్రెక్కర్లు చనిపోయింది గడ్డి వాలు మీదే. చాలావరకు మన అడవుల్లో అన్నిటికన్నా భద్రమైన చోటు అప్పటికే కాలి చల్లారిన నేల. అక్కడ కూడా కాలుతున్న మోడుల కింద నిలబడకూడదు. బయలు జాగా వెతుక్కోవాల్సి వస్తే, మంట ఎత్తుకు కనీసం నాలుగింతల దూరం అన్ని వైపులా ఉండాలి. 3 మీటర్ల మంటకు 12 మీటర్లు. ఇది చదును నేలకు, గాలి లేనప్పటి మాట. వాలు, గాలి ఉంటే ఇంకా ఎక్కువ కావాలి.

మరో మాట. చెంచు పెంటల (గూడేల) నుంచి వచ్చే వాచర్లకు ఉత్తర దిక్కు, దక్షిణ దిక్కు, కంపార్ట్‌మెంట్ (అడవి విభాగం) నంబరు అని చెబితే లాభం లేదు. వాళ్లు కుంట పేరుతో, బండ పేరుతో, పెద్ద చెట్టు పేరుతో చెబుతారు. శిక్షణ రోజునే వాళ్లను కూర్చోబెట్టి నేల మీద మట్టితో బీటు బొమ్మ చేయించండి. వాగులకు ముగ్గు గీయండి, కుంటలకు రాళ్లు పెట్టండి. వాళ్లు చెప్పిన ప్రతి పేరునూ మీ మ్యాపు మీద రాసుకోండి. ఆ సాయంత్రానికి మీరు వాళ్లకు నేర్పినదానికన్నా వాళ్లు మీకు నేర్పిందే ఎక్కువగా ఉంటుంది. ఆ రోజుకు కూలి కట్టివ్వండి. కూలి మానుకుని వచ్చిన మనిషికి శిక్షణ ఉచితంగా ఇస్తున్నామనడం న్యాయం కాదు.

మా రేంజికి ఆకు ఊదే బ్లోయర్లు వచ్చాయి. రెండు నెలల్లో మూడు పాడయ్యాయి. వాడేవాళ్లకు ఏం నేర్పాలి?
— సెక్షన్ ఆఫీసర్, మన్ననూరు

చాలావరకు పాడయ్యేది పెట్రోలు దగ్గర. వీపున తగిలించుకునే బ్లోయర్లు ఎక్కువగా టూ స్ట్రోక్ ఇంజన్లవి, పెట్రోలులో ఆయిల్ కలిపి పోయాలి. ఉత్త పెట్రోలు పోస్తే పిస్టన్ పట్టేస్తుంది, ఆ తర్వాత రిపేరుకయ్యే ఖర్చు కొత్త మిషన్ ధరకు దగ్గరకొస్తుంది. మిషన్ పుస్తకంలో 50:1 అని ఉంటే 5 లీటర్ల పెట్రోలుకు 100 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్. కలిపిన డబ్బా మీద తేదీ రాయండి. నెల దాటిన మిశ్రమం పారబోయడమే మేలు, ఇథనాల్ ఉన్న పెట్రోలు తేమ పీల్చుకుంటుంది. ఉత్త పెట్రోలు డబ్బా, కలిపిన పెట్రోలు డబ్బా ఒకే రంగులో ఉంచొద్దు. పొరపాటు జరిగేది అక్కడే.

రెండో కారణం గాలి ఫిల్టరు. ఎండాకు దుమ్ములో అది ఒక్క రోజులోనే మూసుకుపోతుంది. ప్రతి సాయంత్రం తీసి దులపాలి. పెట్రోలు పోసేటప్పుడు ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, మట్టి తేలిన చోట దించి పోయాలి. వేడి సైలెన్సర్‌ను ఎండాకు కుప్ప మీద దించి కొత్త మంట తెచ్చుకున్న సందర్భాలు లేకపోలేదు.

ఇక వాడకం. ముందుగా లైను చేసేటప్పుడు ఆకును మంట రాబోయే వైపు కాకుండా బయటివైపు ఊదాలి, పల్చగా చెదిరేలా ఊదాలి. లైను అంచున గట్టులా పేరుస్తే ఆ గట్టే వత్తిలా అంటుకుంటుంది. మంట పక్కనే నిలబడి ఆర్పేటప్పుడు మాత్రం గొట్టం మొహం ఎప్పుడూ కాలిన నేల వైపే ఉండాలి, కాలుతున్న ఆకు వెనక్కి బూడిదలోకి వెళ్లిపడాలి. దగ్గర నుంచి ఫుల్ త్రాటిల్ ఇస్తే కొలిమి తిత్తి ఊదినట్టే, నిప్పు రాజుకుంటుంది. నడుము ఎత్తు దాటిన మంట దగ్గర బ్లోయరైనా పచ్చి కొమ్మయినా ఎదురుగా పనికిరాదు. వెనక నుంచి మొదలుపెట్టి పక్కల వెంట మొన వైపు నడవాలి.

మిషన్ మోసే మనిషి ఒంటరిగా పోకూడదు. ఆ చప్పుడులో అతనికి అరుపు వినపడదు, చూపు ఆకు మీదే ఉంటుంది. అందుకే జట్టుకు నలుగురు కావాలి. ఒకరు మిషన్‌తో ముందు నడుస్తారు. రెండో మనిషి రేకుతో వెనక మిగిలిన కట్టెలు లాగేస్తాడు. మూడో మనిషి నీళ్లూ పెట్రోలూ మోస్తాడు. నాలుగో మనిషి ఏ పనీ ముట్టుకోకుండా మంటను, గాలిని చూస్తూ ఉంటాడు. ప్రమాదమైతే వీపు తట్టడమే గుర్తు. మిషన్ సుమారు 10 కిలోలు ఉంటుంది కాబట్టి 20 నిమిషాలకోసారి మనిషిని మార్చండి.

జనవరిలో ఊడ్చిన ఫైర్ లైను మార్చి మధ్యకల్లా మళ్లీ ఆకుతో నిండిపోతుందని కూడా గుర్తుంచుకోండి. ఒకసారి ఊడ్చి బిల్లు పెట్టేసిన లైను మంటను ఆపదు. కనీసం ఇంకో రెండుసార్లు ఊదించాలి.

ఫోన్‌కు ఉపగ్రహం నుంచి మంట హెచ్చరిక వస్తుంది. వెళ్లి చూస్తే ఏమీ ఉండదు. కళ్లెదుట కాలుతున్న మంటకు మాత్రం మెసేజీ రాదు. ఇక నమ్మేదెలా?
— ఫారెస్ట్ బీట్ ఆఫీసర్, పెద్దదోర్నాల

దాని పరిమితి తెలిస్తే నమ్మవచ్చు. భారత అటవీ సర్వే సంస్థ 2004 నుంచి ఈ హెచ్చరికలు ఇస్తోంది. ఉపగ్రహాల్లోని మోడిస్ పరికరం నేలను గళ్లుగా చూస్తుంది, ఒక్కో గడి కిలోమీటరు వెడల్పు; వీర్స్ పరికరం గడి 375 మీటర్లు. మీకొచ్చిన అక్షాంశ రేఖాంశాలు ఆ గడి నడిబొడ్డువి, మంటవి కావు. కాబట్టి ఆ బిందువు దగ్గర నిలబడి చూసి వచ్చేయకుండా వీర్స్ హెచ్చరికైతే చుట్టూ 200 నుంచి 300 మీటర్లు, మోడిస్‌దైతే 500 నుంచి 700 మీటర్లు వెతకాలి. కొండ అయితే ఆవలి వాలు కూడా చూడాలి.

వీర్స్ ఉన్న ఉపగ్రహం మన మీదుగా వెళ్లేది రాత్రి, పగలు ఒకటిన్నర ప్రాంతంలో. మధ్యాహ్నం మూడింటికి పుట్టి రాత్రి తొమ్మిదికి ఆరిన మంట దాని కంట పడకపోవచ్చు. అందుకే కొండ మీద మనిషి కావలి ఉండాల్సిందే, ముఖ్యంగా 2 నుంచి 6 దాకా.

చాలామంది చేసే తప్పు ఇంకొకటుంది. మెసేజీలో 16.05 అని ఉంటే దాన్ని 16 డిగ్రీల 5 నిమిషాలుగా జీపీఎస్‌లో కొడతారు. 0.05 డిగ్రీ అంటే 3 నిమిషాలు. ఆ 2 నిమిషాల తేడాకే మీరు 3.7 కిలోమీటర్లు ఉత్తరంగా వెళ్లిపోతారు. అక్కడ మంట ఎలా కనిపిస్తుంది? శిక్షణలో ప్రతి ఒక్కరి చేత వాళ్ల సొంత ఫోన్‌లోనే ఐదు బిందువులు కొట్టించి, వాటిలో ఒకదానికి నడిపించండి. హెచ్చరికకు నంబరు నమోదు ఆ సంస్థ వన్ అగ్ని పోర్టల్‌లో ఉచితమే, బీటు వరకూ ఎంచుకోవచ్చు. సమితి అధ్యక్షుల నంబర్లు కూడా ఎక్కించండి.

మా ఊరి పెద్దలు ఎదురు మంట పెట్టి అడవిని కాపాడేవాళ్లు. ఇప్పుడు అధికారులు అగ్గిపెట్టె ముట్టుకోవద్దంటున్నారు. ఎవరు చెప్పింది సరైనది?
— వన సంరక్షణ సమితి సభ్యుడు, ఉట్నూరు

ఆ విద్య నిజమైనదే. మంట మొనకు ముందున్న ఆకును మనమే కాల్చేసి దానికి తిండి లేకుండా చేస్తే అది ఆగుతుంది. కానీ రిజర్వు అడవిలో అనుమతి లేకుండా నిప్పు పెట్టడం నేరం. ఎదురు మంట ఎప్పుడు పెట్టాలో బాధ్యత గల అధికారి అక్కడ ఉండి నిర్ణయించాల్సిందే. ఆ నిర్ణయం తీసుకునేటప్పుడు మీ పెద్దలు ఆయన పక్కన ఉండాలన్నది మా గట్టి అభిప్రాయం. గాలి ఎప్పుడు తిరుగుతుందో ఆ లోయలో వాళ్లకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు.

చూడాల్సినవి ఇవి. వీపు వెనక బండిబాటో, వాగో, ఊడ్చిన లైనో గట్టిగా ఉందా? రెండు మంటల మధ్య మనిషి గానీ పశువు గానీ లేదని పేరు పేరునా లెక్క చూశారా? ఎదురు మంట లైను దాటకుండా కాపలాకు తగినంత మంది ఉన్నారా? వాలు మీదైతే శిఖరం దగ్గర నుంచి మొదలుపెట్టి కిందికి వస్తున్నారా? నడి వాలులో అంటించడం అన్నిటికన్నా చెడ్డ తప్పు, అది రెండో పెద్ద మంటగా మారి పైకి పరుగెడుతుంది. ఆలస్యంగా అంటించడం రెండో తప్పు, పెద్ద మంట వచ్చిపడేలోపు వెడల్పుగా కాలకపోతే నిప్పురవ్వలు లైను దాటతాయి. వెదురు ఉన్న చోట ఇంకా జాగ్రత్త, కణుపులు పేలి నిప్పును దూరంగా విసురుతాయి.

ఇప్పపువ్వు ఏరేవాళ్లు చెట్టు కింద ఆకు కాలుస్తారు. ఎన్నిసార్లు చెప్పినా మానడం లేదు.
— సమితి అధ్యక్షురాలు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా

వాళ్ల ఇబ్బంది ఏమిటో ముందు చూడాలి. ఆకు మీద పడ్డ పువ్వు కనపడదు. ఆకు కింద పాముంటుందన్న భయం కూడా ఉంటుంది. కాల్చొద్దని మాత్రమే చెప్పి ఊరుకుంటే ఆ రెండూ అలాగే ఉంటాయి. ఏ ఇంటివాళ్లు ఏ చెట్టు ఏరతారో ఊళ్లో అందరికీ తెలిసిందే. మార్చి మొదట్లో, పువ్వు రాలకముందే, ఆ ఇంటివాళ్లతో కలిసి చెట్టు నీడ పడేంత మేరా, దానికి బయట ఇంకో 2 మీటర్లూ ఊడ్పించండి. తర్వాత పాత చీరలు గానీ వలలు గానీ పరిస్తే పువ్వుకు మట్టి అంటదు, ధర కూడా మెరుగ్గా వస్తుంది. బ్లోయరుంటే ఒక చెట్టు కింద పని పది నిమిషాల్లో అయిపోతుంది. ఆ పది నిమిషాలు శాఖ ఇస్తే వాళ్లు అగ్గిపుల్ల గీయరు. తునికాకుకు కూడా ఇదే వర్తిస్తుంది. లేత ఆకు కోసం నిప్పు అక్కర్లేదు, వేళకు కొమ్మకొట్టుడు (తునికి పొదలు నరకడం) చేయిస్తే చాలు.

మంట ఆరాక రిపోర్టు రాస్తాం. విస్తీర్ణం, నష్టం, కారణం 'గుర్తు తెలియని వ్యక్తులు'. అంతటితో అయిపోతుంది. దీన్నుంచి పక్క బీటు వాళ్లు నేర్చుకునేదేమైనా ఉంటుందా?
— శిక్షణలో ఉన్న అధికారి

ఆ రిపోర్టులోంచి ఏమీ ఉండదు. మంట దగ్గర ఉన్నవాళ్లు మరచిపోకముందే, అదే రోజు లేదా మర్నాడు పొద్దున, నీడలో 20 నిమిషాలు కూర్చుంటే చాలా ఉంటుంది. నాలుగే ప్రశ్నలు. ఏం చేద్దామనుకున్నాం? నిజంగా ఏం జరిగింది? తేడా ఎందుకొచ్చింది? ఈసారి ఏం మారుద్దాం? అమెరికా సైన్యంలో పుట్టిన పద్ధతి ఇది, అక్కడి అడవి మంటల సిబ్బంది కూడా వాడుతున్నారు.

నియమాలు రెండు. అందరికన్నా చిన్న ఉద్యోగి ముందు మాట్లాడాలి, రేంజి ఆఫీసర్ చివర మాట్లాడాలి. ఆయన ముందే 'బాగా చేశాం' అన్నాక వాచరు నోరు విప్పడు. రెండోది, అక్కడ చెప్పిన మాట మీద మెమో ఇవ్వకూడదు. ఒక్కసారి ఇస్తే ఆ రేంజిలో ఇంకెవరూ నిజం చెప్పరు.

రాసుకోవడం ఒక పేజీ దాటొద్దు. 'నీళ్లు తక్కువయ్యాయి' అని రాస్తే పనికిరాదు. 'తొమ్మిది మందికి 20 లీటర్ల క్యాను ఒక్కటే వెళ్లింది, మూడు గంటల పనికి అయిపోయింది, ఇకపై మనిషికి గంటకు లీటరు చొప్పున 27 లీటర్లు' అని రాయాలి. అలాగే 'మంట మళ్లీ లేచింది' అని కాకుండా 'లైనుకు 4 మీటర్ల లోపల తొర్ర మద్ది మోడు రాత్రంతా రగిలింది, మర్నాడు రెండింటికి గాలికి రవ్వలు లైను దాటాయి' అని రాయండి. అది చదివిన పక్క బీటు మనిషి అంచుకు 10 మీటర్ల లోపలిదాకా వెనుచేత్తో తడిమి వేడి చూస్తాడు, మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వెళ్తాడు.

కృష్ణకు ఇటు నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్యం, అటు అమ్రాబాద్. శాఖలు వేరయ్యాయి గానీ ఆకు, గాలి ఒకటే. రెండు ఒడ్డుల రేంజి ఆఫీసర్లు జనవరిలో ఒకసారి, జూన్‌లో ఒకసారి కూర్చుని ఈ పేజీలు మార్చుకోవాలి. శివరాత్రికి శ్రీశైలం నడిచే భక్తుల దారుల మీద, సలేశ్వరం జాతర దారి మీద వంట పొయ్యిలను ఎవరు ఎక్కడ కాపలా కాస్తున్నారో మాట్లాడుకోవడానికి కూడా అదే సరైన వేళ.

విదేశీ శిక్షణ వీడియోలు మనకు పనికొస్తాయా?
— అటవీశాస్త్ర విద్యార్థి, ములుగు

కొన్ని పనికొస్తాయి. కాలిఫోర్నియాలో చెట్ల తలల మీదుగా పరుగెత్తే మంటలు, విమానాలు, కిలోమీటర్ల గొట్టాలు మనకు అక్కరకు రావు. మనవి చాలావరకు నేల మీద ఆకును, గడ్డిని తింటూ పాకే మంటలు. తిరుమల కొండల్లో 2014 మార్చిలోలా హెలికాప్టర్లు రావడం అరుదు. అక్కడి నుంచి తప్పక తెచ్చుకోవాల్సింది నాలుగు మాటల సూత్రం: కావలి మనిషి, మాట అందే ఏర్పాటు, తప్పించుకునే దారి, క్షేమమైన చోటు. ఈ నాలుగూ కుదిరేదాకా పని మొదలెట్టకూడదు.

ఇంకొకటి, పాత మంట జరిగిన చోటికే తీసుకెళ్లి నేర్పడం. 1949లో మాంటానాలోని మాన్ గల్చ్‌లో 13 మంది, 1994లో కొలరాడోలోని సౌత్ కాన్యన్‌లో 14 మంది సిబ్బంది చనిపోయారు. ఇప్పటికీ కొత్తవాళ్లను ఆ వాలుల మీద నడిపిస్తూ 'ఇక్కడ నువ్వుంటే ఏం చేసేవాడివి?' అని అడుగుతారు. మీ రేంజిలో పోయిన ఏడు కాలిన మిట్టకు డిసెంబరులో బృందాన్ని తీసుకెళ్లి అదే ప్రశ్న వేయండి. ఆ రోజు ఆర్పిన మనిషే అక్కడ పాఠం చెప్పాలి.

ఎండదెబ్బకు, కాలిన గాయాలకు వాచర్ల దగ్గర ఏం ఉంచాలి?
— బేస్ క్యాంపు సిబ్బంది, రైల్వేకోడూరు

నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు, శుభ్రమైన నూలుగుడ్డ. నైలాన్, పాలిస్టర్ చొక్కాలు మంట దగ్గర కరిగి ఒంటికి అంటుకుంటాయి, నూలు దుస్తులే వేయించండి. చెప్పులతో ఎవరినీ లైను మీదికి పంపొద్దు. కాలిన చోట 20 నిమిషాలు చల్లటి నీళ్లు పోయాలి. టూత్‌పేస్టు, పసుపు, ఇంకు రాయకూడదు, బొబ్బలు చిదపకూడదు. మనిషి పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా అది అలసట కాదు, ఎండదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసరండి, 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు. సిగ్నల్ అందే మిట్ట ఏదో, అంబులెన్స్ ఏ మలుపు దాకా రాగలదో క్యాంపు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి.